ట్రిక్ లేని ఫోటో: శాన్ ఫ్రాన్సిస్కో నుంచి శాన్ డియాగో దాకా

శుక్రవారం, శాన్ ఫ్రాన్సిస్కో

ఎంబార్కడెరో స్టేషన్‌లో రైలు దిగి పైకి వస్తే, ఫెర్రీ బిల్డింగ్‌కి ఎదురుగా ఎర్ర ఇటుకలు పరిచిన పెద్ద ఖాళీ జాగా కనిపిస్తుంది. ఆఫీసులకి వెళ్లేవాళ్లు తల ఎత్తకుండా అడ్డంగా దాటిపోతుంటారు. ఊరు చూడటానికి వచ్చినవాళ్లు ఫెర్రీ బిల్డింగ్ గడియారాన్ని ఫోటో తీసుకుని, ఇటు వీపు తిప్పి నిలబడతారు. స్కేట్‌బోర్డింగ్ ఫోటోలు చూసే అలవాటున్నవాళ్లు మాత్రం ఎప్పుడూ రాకపోయినా ఇక్కడి గట్లనీ మెట్లనీ గుర్తుపట్టేస్తారు.

మా అన్నయ్య కొడుకు శాన్ హోసేలో చదువుకుంటున్నాడు. వాడికి స్కేటింగ్ పిచ్చి, అది చాలదన్నట్టు జీన్‌ల పిచ్చి కూడా. జీన్ అంటే ఎవరికి వాళ్లే రాసుకుని, ఫోటోలు అంటించుకుని, జిరాక్స్ తీసి, రెండు పిన్నులు కొట్టి పంచుకునే చిన్న పత్రిక. ఎడిటర్ ఉండడు, ప్రకటనలు ఉండవు, లాభం అసలే ఉండదు. సెలవుల్లో కాలిఫోర్నియా తీరం వెంట శాన్ డియాగో దాకా వెళ్లి, దారిలో తీసిన ఫోటోలతో ఒకటి వెయ్యాలని వాడి ఆలోచన. నేను బోర్డు ఎక్కను, వీధి ఫోటోలు తీస్తాను. "నువ్వు ఫోటోలు తియ్యి బాబాయ్, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. ఆ "మిగతాది"లో నా చేత పిన్నులు కొట్టించడం కూడా ఉందని అప్పటికి చెప్పలేదు.

ఈ ప్లాజాని గీసింది లారెన్స్ హాల్ప్రిన్. మూలన ఉన్న, విరిగిపడ్డ కాంక్రీట్ గొట్టాల్లాంటి ఫౌంటెన్ 1971 నాటిది, కెనడా శిల్పి అర్మాన్ వాయాన్‌కూర్ చేసింది. దాన్ని ఉంచాలా తీసెయ్యాలా అని ఊళ్లో పెద్ద గొడవే నడిచింది. మేం వెళ్లేసరికి చుట్టూ కంచె ఉంది. 1980ల చివరా 90ల మొదట్లో ఇక్కడ రోజంతా స్కేటర్లే. వీధి స్కేటింగ్ ఇప్పుడున్న రూపానికి రావడంలో ఈ ఇటుకలకి పెద్ద వాటా ఉంది. 1986లో మార్క్ గొంజాలెస్ ఇక్కడ రెండు గట్ల మధ్య ఖాళీని ఓలీతో దాటాడు. అంటే బోర్డుని చేత్తో పట్టుకోకుండా, కాలి ఒడుపుతో దాన్ని కూడా గాల్లోకి లేపి అవతల దిగడం. అప్పటినుంచి ఆ చోటు పేరు గొంజ్ గ్యాప్.

స్కేట్ ఫోటోలో ముఖ్యమైన సంగతి ఇక్కడ నిలబడితేనే అర్థమవుతుంది. ఆ ఖాళీ ఎంత వెడల్పో, అవతల దిగే చోటు ఎంత ఇరుకో చూపించకపోతే గాల్లో ఉన్న మనిషి ఉత్త గాల్లో ఉన్న మనిషే. ఎక్కడ ఎగిరాడు, ఎక్కడ దిగబోతున్నాడు అన్న రెండూ ఫ్రేములో ఉండాలి. మనిషిని నిండుగా పట్టుకుని నేల కోసేస్తే, అది ఎంత అందంగా ఉన్నా స్కేటర్లు పట్టించుకోరు. పెళ్లి ఫోటోల్లో మొహాలు, ఇక్కడ నేల.

ఇప్పుడు చాలా గట్ల అంచులకి లోహపు బొడిపెలు బిగించారు. చక్రమో ట్రక్కో (బోర్డుకీ చక్రాలకీ మధ్య ఉండే ఇరుసు) ఆ అంచు మీద జారకుండా. మావాడు ఒక గట్టు దగ్గర కూర్చుని అంచు మీద వేలు రాసి చూపించాడు. బొడిపెకీ బొడిపెకీ మధ్య పాత మైనం నల్లగా పేరుకుపోయి ఉంది. జారడానికి కొవ్వొత్తి మైనం రాస్తారు. కింద కాంక్రీట్ పెచ్చు లేచిన చోట అల్యూమినియం గీతలు సన్నగా మెరుస్తున్నాయి. ఆ అంచుని దగ్గర నుంచి తీశాను. జీన్‌లో ఒక పేజీ ఖాయమైంది.

శనివారం, శాన్ ఫ్రాన్సిస్కో

యునైటెడ్ నేషన్స్ ప్లాజా కూడా హాల్ప్రిన్ గీసిందే. ఇదీ ఇటుక నేలే. 2023 నవంబర్‌లో నగరం వాళ్లే ఇక్కడ స్కేటర్ల కోసం గట్లూ రెయిళ్లూ (బోర్డుతో జారే లోహపు కమ్మీలు) పెట్టించారు. ఒకే ఆర్కిటెక్ట్ గీసిన రెండు ప్లాజాల్లో ఒక దాన్నుంచి స్కేటర్లని ఏళ్ల తరబడి తరిమి, రెండో దానికి రమ్మని పిలిచారన్నమాట. ఎవరూ నిలబడటానికి ఇష్టపడని చోట జనం తిరిగితే బాగుంటుందని నగరం లెక్క. స్కేటర్లు కాపలా ఖర్చు లేని కాపలాదారులు. లెక్క బాగానే ఉంది కానీ, ముప్ఫయ్యేళ్లు ముందే వేసి ఉంటే ఎంబార్కడెరోలో బొడిపెల ఖర్చు మిగిలేది.

మావాడి స్నేహితుడొకడు ఇక్కడికి వచ్చాడు. సన్నగా, మాటల్లేని కుర్రాడు. గట్టు మీదకి ఎగిరి, ట్రక్కుల్ని అంచు మీద రాపిస్తూ (దాన్నే గ్రైండ్ అంటారు) వెళ్లి, చివర్లో కిక్‌ఫ్లిప్‌తో దిగాలని వాడి పట్టుదల. దిగేటప్పుడు బోర్డు గాల్లో గిర్రున తిరిగి మళ్లీ కాళ్ల కిందకి రావాలి. నేను ఫ్లాష్‌లు పెట్టుకున్నాను, ఒకటి ఎడమ వెనక, ఒకటి కుడి పక్కన, రేడియో ట్రిగ్గర్‌తో. ఫ్లాష్ పూర్తి పవర్‌లో వెలిగితే ఆ వెలుగు ఎక్కువసేపు ఉండి చక్రాలు అలుక్కుపోతాయి. పావు పవర్‌కి తగ్గిస్తే సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువలోనే అయిపోతుంది, మనిషి గాల్లో రాయిలా ఆగిపోతాడు. కానీ పవర్ తగ్గిస్తే వెలుగూ తగ్గుతుంది కాబట్టి ఫ్లాష్‌ని దగ్గరికి తేవాలి, దగ్గరికి తెస్తే ఫ్రేములోకి వస్తుంది. పైగా చాలా కెమెరాల్లో ఫ్లాష్ వాడితే షట్టర్ 1/250 దాటదు. మిట్టమధ్యాహ్నం ఎండ ఉంటే ఫ్లాష్ పట్టిన బొమ్మ పక్కన ఎండ పట్టిన నీడబొమ్మ ఒకటి వచ్చి చేరుతుంది. అందుకే చాలామంది స్కేట్ ఫోటోగ్రాఫర్లు సాయంత్రం కోసం చూస్తారు. లెన్సులోనే షట్టర్ ఉండే హాసెల్‌బ్లాడ్ కెమెరాలు 1/500 దగ్గర కూడా ఫ్లాష్‌తో పనిచేసేవి. అంత బరువు మోసుకుంటూ స్కేటర్ల వెంట పరుగెత్తడానికి కారణం అదే.

చాలా వెడల్పుగా, అంచులు వంచి చూపించే ఫిష్‌ఐ లెన్స్ తగిలించి గట్టు చివర పడుకున్నాను. ఫిష్‌ఐతో తీసేటప్పుడు బోర్డు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. అడుగు వెనక్కి జరిగితే మనిషి చీమంత అవుతాడు. మరీ ముందుకి జరిగితే బోర్డు లెన్స్ మీదకే వస్తుంది. కుర్రాడు ఎక్కుతున్నాడు, పడుతున్నాడు, లేచి మాట్లాడకుండా వెనక్కి నడుస్తున్నాడు. ఒకసారి బోర్డు తిరుగుడు పూర్తయ్యి రెండు కాళ్లూ దాన్ని తాకిన ఘడియకి నా వేలు సరిగ్గా పడింది. వెనక సిటీ హాల్ గుమ్మటం, కింద ఇటుకలు, మధ్యలో వాడు. తెర మీద చూసుకుంటే ఒళ్లు ఝల్లుమంది.

అయితే కిందకి దిగాక బోర్డు జారిపోయి వాడు మోచేతి మీద పడ్డాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నించినా ల్యాండ్ కాలేదు. చీకటి పడుతుంటే షూ విప్పి గట్టు మీద కూర్చున్నాడు. ఓలీలు కొట్టీకొట్టీ బోర్డు మీది గరుకు కాగితం రాసుకుని షూ పక్కన చిల్లు పడింది. జేబులోంచి టేప్ తీసి పళ్లతో తెంపి చుట్టుకుంటున్నాడు. అదీ తీశాను.

రాత్రి ఫోటోలు చూస్తుంటే మావాడు మొదటిది చూసి ఒక్క నిమిషం ఏమీ అనలేదు. తర్వాత "ఇది వెయ్యం" అన్నాడు.

"ఎందుకు వెయ్యవురా? ఇంతకంటే మంచిది మళ్లీ రాదు."

"ల్యాండ్ అవ్వలేదు కదా బాబాయ్."

"ఫోటోలో అది తెలియదుగా."

"అందుకే వెయ్యకూడదు."

స్కేట్ పత్రికల్లో ఇది రాయని చట్టం. నిలబడి దిగని ట్రిక్ ఫోటోని ట్రిక్‌గా అచ్చువెయ్యకూడదు. వేశారని తెలిస్తే ఫోటోగ్రాఫర్ పరువూ స్కేటర్ పరువూ కలిసి పోతాయి. పడటాన్ని పడినట్టుగా చూపిస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. థ్రాషర్ పత్రికలో దెబ్బలు తగిలిన ఫోటోలకి హాల్ ఆఫ్ మీట్ అని ఒక శీర్షికే ఉంది. ఒకప్పుడు సీక్వెన్స్ ఫోటోలకి అంత గిరాకీ రావడంలో సాక్ష్యం సంగతి కూడా ఉంది. ఎగరడం నుంచి దిగడం దాకా పక్కపక్కన పది ఫ్రేములుంటే వాదనకి చోటుండదు. మిగతా ఫోటోగ్రఫీలో ఒక్క క్షణం బాగుంటే చాలు. ఇక్కడ ఫ్రేము బయట, తర్వాతి అర సెకనులో ఏం జరిగిందన్నది ఫోటో బతుకుని తేలుస్తుంది. నాకైతే ఇది మొండితనంగా అనిపించింది. వాదించాను. మావాడు కదల్లేదు.

మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా పక్కనే ఉన్న మెయిన్ లైబ్రరీలో గడిపిన సంగతి చెప్పనే లేదు. అక్కడ చిన్న పత్రికలకీ జీన్‌లకీ ప్రత్యేకంగా ఒక సేకరణ ఉంది. ఎవరో వంటింటి బల్ల మీద అంటించి, ఎవరో ఆఫీసు మెషీన్ మీద జిరాక్స్ తీసిన కాగితాలు గ్రంథాలయం అట్టల్లో బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. ఒకదాంట్లో టోనర్, అంటే జిరాక్స్ నల్లపొడి, మడత దగ్గర రాలి, ఎదుటి పేజీకి నీడలా అంటుకుంది. ఈ ఊళ్లోనే 2001లో మొదలైన హ్యాంబర్గర్ ఐస్ అనే ఫోటో జీన్ కూడా మొదట్లో ఇలా జిరాక్స్ కాగితాలే. లోపల పెద్ద విశేషాలేం ఉండవు, వీధిలో రోజూ కనిపించే మనుషులూ గోడలూ కుక్కలూ. శీర్షికలు ఉండవు. దాని ప్రభావం చాలా దూరం వెళ్లింది.

ఆదివారం, శాన్ ఫ్రాన్సిస్కో

డోలోరెస్ వీధి వాలు చూశాం. బ్రేకులు లేని బోర్డు మీద ఈ కొండల్ని దిగడాన్ని హిల్ బాంబ్ అంటారు. డోలోరెస్‌లో ఏటా జనం గుమిగూడి దిగేవారు. 2023 జూలైలో పోలీసులు వచ్చి వందమందికి పైగా పట్టుకున్నారు, వాళ్లలో ఎక్కువమంది మైనర్లే. రోడ్డు మీద చక్రాలకి అడ్డంగా బొడిపెలు బిగించి ఉన్నాయి. ఇక్కడా అవే.

వాలుని ఫోటోలో పట్టుకోవడం చాలా కష్టం. కెమెరాలో చూస్తే కొండ చదునైపోతుంది. పక్కనున్న ఇళ్ల కిటికీల అడుగు గీతలు సమతలంగా ఉండి, రోడ్డు వాటిని ఏటవాలుగా కోస్తున్నట్టు నిలబడి తీస్తేనే ఏటవాలు తెలుస్తుంది. ఎవరూ దిగని ఖాళీ రోడ్డుని అలా ఒకటి తీసి వచ్చేశాం.

సోమవారం, శాంటా క్రూజ్

శాన్ హోసే నుంచి హైవే 17 బస్సు. మలుపులకి నా కడుపులో తిప్పింది, మావాడు హాయిగా నిద్రపోయాడు.

ఎన్‌హెచ్‌ఎస్ అనే కంపెనీ 1973 నుంచి ఈ ఊళ్లో ఉంది. శాంటా క్రూజ్ బోర్డులు వాళ్లవే. అరచేతిలో నోరు తెరిచి అరుస్తున్న నీలం చెయ్యి బొమ్మని మీరు ఏదో ఒక టీషర్ట్ మీద చూసే ఉంటారు. జిమ్ ఫిలిప్స్ 1985లో వేసింది. వాళ్ల మ్యూజియంలో పాత బోర్డులు గోడనిండా ఉన్నాయి. నాకు బోర్డుల కంటే పాత ప్రకటనల మీద ధ్యాస ఎక్కువ పోయింది.

థ్రాషర్ పత్రిక 1981 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైంది. పెట్టిన ఫాస్టో విటెల్లో, ఎరిక్ స్వెన్సన్ అప్పటికే ఇండిపెండెంట్ ట్రక్కులు తయారుచేస్తున్నారు. అంతకుముందు రంగం చాలా దెబ్బతింది. 1970ల చివర్లో ప్రమాదాల కేసులకీ బీమా ఖర్చుకీ భయపడి స్కేట్‌పార్కులు వరసగా మూతపడ్డాయి. స్కేట్‌బోర్డర్ పత్రిక 1980లో పేరు మార్చుకుని ఇలాంటి వేరే ఆటల్ని కూడా కలుపుకుంది, 1982కి అదీ ఆగిపోయింది. ఇరుసులు అమ్ముకోవాలంటే స్కేటింగ్ బతికి ఉండాలి, స్కేటింగ్ బతికి ఉందని చెప్పడానికి ఒక పత్రిక కావాలి. మొదట్లో అది చవక న్యూస్‌ప్రింట్ మీద వచ్చేది. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు, వాళ్లు లేకపోతే చాలా ఫోటోలు పుట్టేవే కావు. కాకపోతే ప్రకటనలతో నడిచే పత్రికకి ట్రిక్ కావాలి, ఆ ట్రిక్ చేసినవాడి కాలి కింద ఎవరి బోర్డో కనపడాలి. షూకి టేప్ చుట్టుకుంటున్న కుర్రాడి బొమ్మ ఏ షూ కంపెనీకి పనికొస్తుంది?

అదే 1981లో, ఈ తీరానికి చాలా దూరంగా ఒహాయోలోని సిన్సినాటిలో గారీ స్కాట్ డేవిస్ స్కేట్ ఫేట్ అనే జీన్ మొదలుపెట్టాడు. పదేళ్లు నడిపాడు. పార్కులు లేని, పత్రికలు రాని ఊళ్లలో కుర్రాళ్లు ఒకరికొకరు పోస్టులో పంపుకున్న ఇలాంటి కాగితాలే అప్పట్లో వార్తలు. తర్వాత అతను ట్రాన్స్‌వరల్డ్ స్కేట్‌బోర్డింగ్ పత్రికలో చేరాడు. అక్కడ పేజీలు తీర్చింది డేవిడ్ కార్సన్, తర్వాత గ్రాఫిక్ డిజైన్‌లో పెద్ద పేరు. అక్షరాల్ని నరికి, వంచి, ఒకదాని మీద ఒకటి ఎక్కించే ఆ ధోరణికి కత్తెరా జిగురుతో చేసే జీన్ పేజీలతో చుట్టరికం ఉందని నా అనుమానం. రుజువు అడగొద్దు.

మంగళవారం, రైల్లో

కోస్ట్ స్టార్‌లైట్ రైలు. పగలంతా ప్రయాణం. సాలినాస్ లోయ పొలాలు, తర్వాత కొండలు, తర్వాత ఉన్నట్టుండి సముద్రం. రైలుకీ నీళ్లకీ మధ్య రోడ్డు కూడా ఉండదు కొన్నిచోట్ల.

మావాడు కిటికీ వైపు చూడలేదు. మడత బల్ల మీద కాగితాలు పరిచి డమ్మీ, అంటే జీన్ నమూనా, తయారుచేస్తున్నాడు. లెటర్ సైజు కాగితాన్ని సగానికి మడిస్తే నాలుగు పేజీలు. అయిదు కాగితాలు ఒకదాంట్లో ఒకటి దూరిస్తే ఇరవై. అందుకే జీన్‌కి పద్దెనిమిది పేజీలూ పంతొమ్మిది పేజీలూ ఉండవు, నాలుగు చొప్పున పెరగాలి. ఏ కాగితం మీద ఏ పేజీ వస్తుందో వాడు చెబుతుంటే సరదాగా అనిపించింది. పైకాగితం ఒకవైపు 20, 1; దాని వెనక 2, 19. ఒక వైపు పక్కపక్కన వచ్చే రెండు అంకెలు ఎక్కడైనా సరే కలిపితే 21 రావాలి. రాకపోతే పేజీలు తారుమారైనట్టే. మధ్య కాగితానికి ఒక వైపు 10, 11 ఉంటాయి. మొత్తం పుస్తకంలో వేరే కాగితం మీద అతుకు పడకుండా రెండు పేజీలకీ ఒకే బొమ్మ పట్టేది అక్కడే. ఆ కాగితాన్ని ఖాళీగా ఉంచుదాం, లాస్ ఏంజెలెస్‌లో దొరికేదాన్ని బట్టి చూద్దాం అన్నాడు. కవర్ మీద షూకి టేప్ చుట్టుకుంటున్న కుర్రాడు.

"కవర్ మీద ఒక్క ట్రిక్ అయినా లేకపోతే ఎవరు తెరుస్తార్రా?" అన్నాను.

"కొనేవాళ్లెవరూ లేరు కదా, ఇంక టెన్షన్ దేనికి?"

బుధవారం, ఐలా విస్టా

శాంటా బార్బరాలో దిగి రాత్రి అక్కడే ఉండి, పొద్దున్నే బస్సులో ఐలా విస్టాకి వచ్చాం. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా పక్కన, సముద్రం అంచున ఉన్న విద్యార్థుల ఊరు. నడిచేవాళ్ల కంటే సైకిళ్లూ బోర్డులూ ఎక్కువ. ఇక్కడికి రావాలన్నది నా పట్టు. పాల్ ఓర్ఫాలియా అనే ఆయన 1970లో ఈ ఊళ్లో ఒక చిన్న కొట్లో జిరాక్స్ మెషీన్ పెట్టాడు. కొట్టు ఎంత ఇరుకంటే మెషీన్‌ని కాలిబాట మీదకి తోసుకుని పని చేసుకోవాల్సి వచ్చేదట. ఆయన ఉంగరాల జుట్టుని బట్టి స్నేహితులు పెట్టిన పేరే కొట్టుకీ పెట్టాడు, కింకోస్. అది దేశమంతా పాకి, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే గొలుసు దుకాణాలైంది. 2004లో ఫెడెక్స్ కొనేసింది.

మామూలు కాగితం మీద పనిచేసే మొదటి ఆఫీసు కాపీయర్ జిరాక్స్ 914 వచ్చింది 1959లో. అది బల్లంత మెషీన్, ఆఫీసులకే. అర్ధరాత్రి పూట కూడా ఎవరైనా వెళ్లి తమ కాగితాలు తామే తీసుకోగలిగే కొట్లు వచ్చాకే జీన్‌లకి రెక్కలొచ్చాయి. ఆ రోజుల్లో రాత్రి షిఫ్టులో తెలిసినవాడుంటే సగం కాపీలు లెక్కలోకి రాకుండానే బయటికి వచ్చేవని పాత జీన్‌ల వాళ్లు దాచుకోకుండా చెబుతుంటారు.

మేం వెళ్లింది అలాంటి కొట్టుకి కాదు, మామూలు ప్రింట్ షాపుకి. నా ఫోటోలు మొదటి కాపీలో బొగ్గు పూసినట్టు వచ్చాయి. కంప్యూటర్ తెర మీద నీడల్లో కనిపించే వివరమంతా టోనర్ మింగేసింది. మెషీన్‌ని ఫోటో మోడ్‌లో పెట్టి, ఫైలులో నీడల్ని బాగా పైకి లేపితే మనుషులు బయటికి వచ్చారు. తెర మీద పేలవంగా, పాలిపోయినట్టు కనిపించే ఫోటోనే కాగితం మీద సరిగ్గా కుదురుతుంది. ఒక్కటి మాత్రం మావాడు అలాగే ఉంచమన్నాడు, గట్టు అంచు ఫోటో. మైనమంతా నల్లటి పట్టీలా కలిసిపోయి, లోహపు గీతలు మాత్రం తెల్లగా మిగిలాయి. అసలు ఫోటో కంటే అదే బాగుంది.

మధ్యాహ్నానికి నాలుగు కాగితాల సెట్లు తయారు. రైలెక్కి లాస్ ఏంజెలెస్.

గురువారం, శాంటా మోనికా, వెనిస్

మెయిన్ స్ట్రీట్, బే స్ట్రీట్ కలిసే మూల మీద ఒక మామూలు భవనం. 1970ల్లో ఇక్కడ జెఫ్ హో, స్కిప్ ఎంగ్‌బ్లమ్, క్రెయిగ్ స్టెసిక్ నడిపిన జెఫిర్ అనే సర్ఫ్ బోర్డుల కొట్టు ఉండేది. అక్కడి కుర్రాళ్లు 1975లో డెల్ మార్ స్కేటింగ్ పోటీల్లో వంగి, నేలకి చెయ్యి ఆనించి, అలల మీద తిరిగినట్టు తిరిగి అందర్నీ నోరెళ్లబెట్టేలా చేశారు. తర్వాత 1976, 77 కరువులో ఇళ్ల వెనక ఈత కొలనులు ఎండిపోతే గోడలు దూకి వాటిల్లో స్కేట్ చేశారు. స్టెసిక్ వాళ్ల గురించి రాసి, ఫోటోలు తీసి స్కేట్‌బోర్డర్ పత్రికకి పంపాడు. ఆయన ఫోటోల్లో మనుషుల వెనక పాడుబడ్డ గోడలూ వాటి మీది రాతలూ మనుషులతో సమానంగా మాట్లాడతాయి.

అదే గుంపులో బడికి వెళ్లే వయసు పిల్లాడొకడు కెమెరా పట్టుకుని తిరిగేవాడు, గ్లెన్ ఈ. ఫ్రీడ్‌మన్. పద్నాలుగేళ్లకే అతని ఫోటో స్కేట్‌బోర్డర్‌లో అచ్చయింది. అంత చిన్న వయసులో దేశమంతా చదివే పత్రికలోకి ఎక్కినవాడు 1982లో సొంతంగా మై రూల్స్ అని ఒక ఫోటో జీన్ వేశాడు. పంక్ సంగీతం వాళ్ల ఫోటోలు. పత్రికలు వద్దన్నాయనో, తన ఇష్టం వచ్చినట్టు పేజీలు పెట్టుకోవాలనో, ఏదైతేనేం, పెద్ద పత్రిక తలుపు తెరిచే ఉన్నవాడికి కూడా చిన్న పత్రిక కావాల్సి వచ్చింది. నాకు అది ముఖ్యంగా కనిపిస్తుంది.

వెనిస్ స్కేట్‌పార్క్ ఇసుకలో ఉంది, 2009లో తెరిచారు. కాలిఫోర్నియాలో 1997లో చట్టం మార్చి, స్కేటింగ్‌లో దెబ్బలు తగిలితే నగరాల మీద బాధ్యత తగ్గించాక ఊరూరా ఇలాంటి పార్కులు లేచాయి. కమ్మీల చుట్టూ జనం, అందరి చేతుల్లో ఫోన్లు. స్కేటింగ్ కోసం కట్టిన కాంక్రీట్ గోతిలోంచి పైకి ఎగిరిన ప్రతివాడినీ పాతిక కెమెరాలు పట్టుకుంటున్నాయి. ఇక్కడ నేనూ అదే ఫోటో తియ్యడంలో అర్థం లేదు. లోపలికి వెళ్లడానికి ఒక పెద్దాయన్ని అడిగి, గట్టు మీద తమ వంతు కోసం నిలబడ్డవాళ్ల వైపు తిరిగాను. బోర్డు తోక కాలి కింద నొక్కిపట్టి, ముందు చక్రాలు గోతి మీద గాల్లో వేలాడేసుకుని, పక్కపక్కన ఎనిమిదేళ్ల పిల్లా నెరిసిన గడ్డమాయనా మెడ నిండా పచ్చబొట్లున్న అమ్మాయీ. ఎవరూ కెమెరా వైపు చూడలేదు. అందరి కళ్లూ గోతిలో తిరుగుతున్నవాడి మీదే, అందరి మెడలూ ఒకే పక్కకి. అదే మధ్య పేజీ.

సాయంత్రం ఒక కాపీ షాపులో అయిదో కాగితం తీసి, గదిలో కూర్చుని పిన్నులు కొట్టాం. మామూలు స్టేప్లర్ మడత దాకా అందదు. దానికో ఉపాయం ఉంది. స్టేప్లర్‌ని విప్పదీసి, కింద మందపాటి అట్ట పెట్టి, మడత గీత మీద పైనుంచి గుచ్చాలి. పిన్ను కాళ్లు అట్టలో దిగుతాయి. నెమ్మదిగా పైకి లాగి, తిప్పి, కాళ్లని లోపలికి చెంచా వీపుతో వంచాలి. నేను గుచ్చడం, వాడు వంచడం. కాసేపటికి వాడు ఫోను పట్టుకున్నాడు, రెండు పనులూ నావే అయ్యాయి.

శుక్రవారం, సొలానా బీచ్, శాన్ డియాగో

పసిఫిక్ సర్ఫ్‌లైనర్ రైలులో సముద్రం పక్కనే వచ్చి సొలానా బీచ్‌లో దిగాం. దగ్గర్లోనే 1978 నుంచి 1987 దాకా డెల్ మార్ స్కేట్ రాంచ్ ఉండేది. ఇప్పుడు దాని ఆనవాలు లేదు. తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న స్కేటర్ టోనీ హాక్ చిన్నప్పుడు స్కేట్ చేసిన పార్కు అది. అందులో పనిచేసే గ్రాంట్ బ్రిటెన్ అనే కుర్రాడు 1979లో ఫోటోలు తియ్యడం మొదలుపెట్టి, 1983లో పుట్టిన ట్రాన్స్‌వరల్డ్ పత్రికకి మొదటి ఫోటో ఎడిటర్ అయ్యాడు.

1987లో ఆ పత్రిక కవర్ మీద బ్రిటెన్ తీసిన ఫోటో ఒకటి వచ్చింది. అందరూ దాన్ని ద పుష్ అంటారు. అందులో ఎగరడం లేదు, తిరగడం లేదు, రెయిలు లేదు. ఒక కాలు బోర్డు మీద, రెండో కాలు నేలని వెనక్కి తోస్తోంది, అంతే. బోర్డు ఎక్కిన మొదటి రోజు ఎవరైనా నేర్చుకునేది, ఆ తర్వాత రోజూ అందరూ చేసేది. ఫోటోలో ఉన్న టాడ్ స్వాంక్ స్కేటరే కాదు, సొంతంగా స్వాంక్ జీన్ వేసినవాడు కూడా. ప్రకటనలతో నడిచే పత్రికకీ ట్రిక్ లేని కవర్ వెయ్యాలనిపించింది ఒకసారి. ఈ సంగతి నేను చెప్పేలోపే మావాడు చెప్పాడు. రైలెక్కిన దగ్గర్నుంచి కవర్ విషయంలో నన్ను ఓడించడానికి దాన్ని దాచిపెట్టుకున్నాడు.

ఓల్డ్ టౌన్ నుంచి ట్రాలీలో ఒక్క స్టేషన్ వెళితే వాషింగ్టన్ స్ట్రీట్. వంతెన కింద స్కేటర్లే 1999లో కాంక్రీట్ కలుపుకుని కట్టడం మొదలుపెట్టిన పార్కు. నగరం మధ్యలో మూయించింది, అనుమతులు తెచ్చుకుని మళ్లీ తెరిచారు. వెనిస్‌లా చూడటానికి వచ్చిన జనం ఇక్కడ లేరు. పైన కార్ల శబ్దం, కింద చక్రాల శబ్దం. గోడల వంపులు ఒక్కోటి ఒక్కో తీరుగా ఉన్నాయి, డబ్బులు దొరికినప్పుడల్లా కొంచెం కొంచెం పోసినవి. ఎక్కడ పాత కాంక్రీట్ ఆగి కొత్తది మొదలైందో అతుకు దగ్గర తెలుస్తోంది.

మావాడు జీన్‌లు పంచాడు. కొందరు మడిచి వెనక జేబులో పెట్టుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం కూర్చుని మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పాడు. గట్టు అంచు దగ్గర ఆగి, ఎవరూ చెప్పకుండానే అది ఎంబార్కడెరో అన్నాడు. మధ్య పేజీ బాగుందన్నాడు. తర్వాత మడత దగ్గర వేలు పెట్టి చూపించాడు. లోపలి కాగితాలు పై కాగితాల కంటే కాస్త బయటికి పొడుచుకొచ్చాయి, పిన్ను కొట్టాక అంచు కత్తిరించాలి, స్టీలు స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో ఒక్క గీతలో కొయ్యండి అని చెప్పాడు. కారులోంచి తన జీన్ ఒకటి తెచ్చి మార్పిడి చేసుకున్నాడు. దాని అంచులు నిజంగానే కత్తిలా ఉన్నాయి.

శాన్ ఫ్రాన్సిస్కో కుర్రాడికి మావాడు కవర్ ఫోటో తీసి ఫోన్‌లో పంపాడు. కాసేపటికి జవాబు వచ్చింది, ఆ ట్రిక్ ఫోటో వెయ్యలేదు కదా అని. వెయ్యలేదని చెప్పాక, అయితే తనకి నాలుగు కాపీలు కావాలన్నాడు. మా దగ్గర మిగిలినవి మూడే. మావాడు అప్పుడే ఫోన్‌లో దగ్గర్లోని కాపీ షాపు వెతుకుతున్నాడు.

"బ్లేడు కూడా కొనాలి బాబాయ్" అన్నాడు.